గాయకుడు వెళ్ళిపోయాక వచ్చిన ఆల్బమ్ మీద పాత పేరు ఉండొచ్చా?

బేస్‌లైన్ బరంపురం
మన గంజాం, గజపతి వైపు 'బ్లాక్ కంట్రీ, న్యూ రోడ్' వినేవాళ్ళు తక్కువే కాబట్టి ముందు సంగతి చెప్తాను. ఇంగ్లండ్ బ్యాండ్. వాళ్ళ రెండో ఆల్బమ్ 'యాంట్స్ ఫ్రమ్ అప్ దేర్' 2022 ఫిబ్రవరి 4న రావాలి. నాలుగు రోజుల ముందు, జనవరి 31న, పాటలు పాడే ఐజాక్ వుడ్ తప్పుకుంటున్నానని చెప్పేశాడు. మిగిలింది ఆరుగురు. పేరు మార్చలేదు గానీ, అతను ఉన్నప్పటి పాటలు ఇక స్టేజి మీద వాయించకూడదని నిర్ణయించుకున్నారు. ఆ తర్వాత అన్నీ కొత్త పాటలే కట్టుకుని లండన్ బుష్ హాల్‌లో కచేరీ చేసి, 2023లో దాన్నే లైవ్ ఆల్బమ్‌గా వదిలారు. 2025 ఏప్రిల్‌లో 'ఫరెవర్ హౌలాంగ్' వచ్చింది. ఇందులో పాడేది టైలర్ హైడ్, జార్జియా ఎలరీ, మే కెర్షా, ముగ్గురూ అమ్మాయిలే.

ఆల్బమ్ బాగుంది, కాదనను. కానీ ఇది ఆ బ్యాండ్ కాదు. 1980 మేలో గాయకుడు ఇయాన్ కర్టిస్ చనిపోతే జాయ్ డివిజన్ బ్యాండ్‌లో మిగిలిన ముగ్గురూ ఆ పేరు పక్కన పెట్టేసి న్యూ ఆర్డర్ అయ్యారు. మర్యాద అంటే అదీ. వీళ్ళు ఎందుకు చేయలేదు? మీరేమంటారు?

రాయగడ రిఫ్
మర్యాద సరే తమ్ముడూ, ఒకడు వెళ్ళిపోతే ఆరుగురు పేరు మార్చుకోవడం ఏం న్యాయం? పాత ఆల్బమ్‌లో నువ్వు పడిపోయిన ఆ వయొలిన్, ఆ శాక్సఫోన్ వాయించినవాళ్ళు ఎక్కడికీ పోలేదు. గొంతు ఒక్కటే బ్యాండ్ అనుకోవడం మనకు సినిమా పాటలు నేర్పిన అలవాటు. పాడినవాడి పేరు తెలుసు, వయొలిన్ ఎవరు వాయించారో ఎవడికి పట్టింది?

బేస్‌లైన్ బరంపురం
గొంతు ఒక్కటే అనలేదన్నా. మాటలు కూడా అతనివే. ఆ పాటల్లో ఉన్నది అతని సొంత గోడు. అందుకే కదా వాళ్ళే పాడలేమని వదిలేశారు! పాటలు వదిలేసి పేరు మాత్రం ఉంచుకోవడం ఏంటో నాకు అర్థం కాదు.

పర్లాకిమిడి పాతకాపు
లండన్ దాకా ఎందుకు, ఢిల్లీ వాళ్ళని చూడండి. ఇండియన్ ఓషన్ బ్యాండ్ 1990లో మొదలైంది. సుస్మిత్ సేన్ గిటార్, అషీమ్ చక్రవర్తి తబలా, గొంతు. తర్వాత రాహుల్ రామ్, అమిత్ కిలాం చేరారు. 'కందీసా' ఆల్బమ్ 2000లో, 'ఝీనీ' 2003లో. మా తరం ఆ క్యాసెట్లు అరిగేదాకా విన్నది.

2009 డిసెంబర్ 25న అషీమ్ పోయారు. ఆయన తబలా వాయిస్తూనే పాడేవారు. తాళం, గొంతు ఒకే మనిషిలోంచి రావడం వల్ల పాటలో ఒక పట్టు ఉండేది. శ్వాస తీసుకునే చోట వేళ్ళు కూడా అరక్షణం ఆగినట్టు వినిపిస్తుంది, హెడ్‌ఫోన్ పెట్టుకుని వినండి. ఆయన చోటు నింపడానికి ఇద్దరు కావాల్సి వచ్చారు: పాటకి హిమాంశు జోషి, తబలాకి తుహీన్ చక్రవర్తి. 2013లో సుస్మిత్ కూడా బయటికి వచ్చేశారు, నిఖిల్ రావు చేరాడు. అంటే మొదలుపెట్టిన ఇద్దరూ ఇప్పుడు బ్యాండ్‌లో లేరు. అయినా 2014లో 'తందాను', 2023లో 'తూ హై', రెండూ అదే పేరుతో వచ్చాయి. పాత పాటలు కచేరీల్లో ఇప్పటికీ వాయిస్తారు. ఎవరైనా తప్పుపట్టారా? మా ఊళ్ళో సన్నాయి మేళం తాతది, తర్వాత కొడుకుది, ఇప్పుడు మనవడిది. పెళ్ళికి మాట్లాడుకునేటప్పుడు ఇప్పటికీ తాత పేరే చెప్తారు.

బేస్‌లైన్ బరంపురం
మేళం లెక్క వేరు మాస్టారూ. త్యాగరాజ కీర్తన వాయించినా, సినిమా పాట వాయించినా తాత రాసింది కాదు కదా. ఎవరు ఊదినా ఆ పాట ఆ పాటే.

రాయగడ రిఫ్
ఇప్పుడు దారిలోకి వచ్చావు. నువ్వన్న ఆ ముక్కే ఇండియన్ ఓషన్‌కి పెట్టి చూడు. 'కందీసా' టైటిల్ పాట కేరళ సిరియన్ క్రైస్తవుల ప్రార్థన, అరామిక్ భాషలోది. 'ఝీనీ' టైటిల్ పాట కబీరుది. నర్మదా లోయ జనం పాడుకునే పాట ఒకటుంది. మిగిలినవి కరోల్‌బాగ్‌లోని ఖజూర్ రోడ్ పాత బంగళాలో నలుగురూ కూర్చుని గంటలకొద్దీ వాయించుకుంటూ కట్టినవి. 2010 ఆల్బమ్‌కి ఆ ఇంటి నంబరే పేరుగా పెట్టారు. ఒక మనిషి లోపలి నుంచి పుట్టిన పాటలు కావవి, ఆ గదిలో పుట్టినవి. కాబట్టి ఎవరు వెళ్ళినా పాడుకోవచ్చు, పేరూ ఉంచుకోవచ్చు. ఐజాక్ పాటలు ఐజాక్‌వి, అందుకే వదిలేశారు. కానీ ఆ పాటలకి సంగీతం కట్టిన పద్ధతి ఏడుగురిది, అందుకే పేరు వదల్లేదు. నాకైతే రెండూ సబబుగానే ఉన్నాయి.

జయపురం జెంబే
మీ పెద్ద బ్యాండ్ల మధ్య మా చిన్న గోల వినండి. మాది నలుగురి బ్యాండ్. తెలుగు, ఒడియా, ఇక్కడి దేశియా భాష కలిపి పాడతాం. కోరాపుట్‌లో పరబ్ ఉత్సవం రోజుల్లో, కాలేజీ ఫంక్షన్లలో చిన్న స్టేజీలు దొరుకుతాయి. కీబోర్డు వాయించే అబ్బాయికి విశాఖలో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. గొడవేం లేదు, బస్సు కూడా మేమే ఎక్కించాం. తర్వాత ప్రాక్టీసుకి కూర్చుంటే తెలిసింది, మా సౌండ్లన్నీ అతని పెన్‌డ్రైవ్‌లోనే ఉన్నాయి. మా పాట ఒకటి వర్షం చప్పుడుతో మొదలవుతుంది, అది వాళ్ళ రేకుల షెడ్డు కింద ఫోన్‌లో రికార్డ్ చేసింది. యూట్యూబ్ ఛానెల్ పాస్‌వర్డ్ కూడా అతని దగ్గరే. అడిగితే పాస్‌వర్డ్ వెంటనే పంపాడు. వర్షం మాత్రం పంపలేదు. "అది నాది అక్కా, వేరే పాటకి వాడుకుంటా" అన్నాడు.

కాబట్టి రిఫ్ అన్నా, గదిలో పుట్టింది అని మీరు తేలిగ్గా అనేశారు గానీ, గదిలో ఏది ఎవరిదో ఆ రోజు ఎవరూ రాసుకోరు. ఇండియన్ ఓషన్ విషయంలోనూ అంతే. సుస్మిత్ గిటార్ తీగల మీద మెట్లు మెట్లుగా నడిచే ఆ పద్ధతి వేరే ఎవరికీ లేదు. 'కందీసా' మొదలవగానే ఎవరు వాయిస్తున్నారో చెప్పేయొచ్చు. నిఖిల్ రావు బాగా వాయిస్తాడు, కానీ పాత పాటలు వాయించేటప్పుడు అతను సుస్మిత్‌లా వాయించాలా, తనలా వాయించాలా? రెండిట్లో ఏది చేసినా తిట్టేవాళ్ళు ఉంటారు. 'తూ హై'లో తనలా వాయించాడు, ఆ ఆల్బమ్ నాకు అందుకే నచ్చింది.

పర్లాకిమిడి పాతకాపు
జెంబే అమ్మాయి చెప్పింది నిజమే. కానీ 'తూ హై'లో నాకు అషీమ్ లేని లోటు తెలుస్తూనే ఉంది. హిమాంశుది శిక్షణ ఉన్న గొంతు, శృతి తప్పదు. అషీమ్‌ది మట్టి గొంతు. వయసు ప్రభావం అనుకోండి.

బేస్‌లైన్ బరంపురం
అక్కా, వర్షం లేకుండా ఆ పాట ఇప్పుడు ఎలా మొదలుపెడుతున్నారు?

జయపురం జెంబే
జెంబే డ్రమ్ముతో. జనానికి తేడా తెలియలేదు, మాకు తెలుసు. మా ముగ్గురిలో ఒకడు ఆ పాటే తీసేద్దామంటున్నాడు, మీ లండన్ వాళ్ళలాగ. నేను ఒప్పుకోవట్లేదు. పల్లవి రాసింది నేను.

రాయగడ రిఫ్
అయితే పాట నీది, పాడుకో. పేరు సంగతేంటి?

జయపురం జెంబే
పేరు పెట్టింది కూడా ఆ కీబోర్డు అబ్బాయే! అడిగితే "ఉంచుకోండి, నాకెందుకు" అన్నాడు.

బేస్‌లైన్ బరంపురం
వర్షం ఇవ్వనివాడు పేరు ఇచ్చాడా? మరి ఇంత చర్చ ఎందుకు పెట్టాను నేను. అయినా జాయ్ డివిజన్ విషయంలో నా మాట మార్చను. 'ఫరెవర్ హౌలాంగ్' ఇంకో పేరుతో వచ్చుంటే పాత ఆల్బమ్‌తో పోల్చకుండా ఇంకా ఇష్టంగా వినేవాణ్ణి. రిఫ్ అన్నా, ముగ్గురూ కలిసి పాడే చోట్లు విను, తర్వాత మాట్లాడదాం.