బండి కింద దొరికిన రేకు ఏ భాగానిది? బ్రేకు పని ఇంట్లో చేసుకోవడం సబబేనా?

అలిపిరి వాసి:

గత ఆదివారం తిరుమల నుంచి దిగి వచ్చి కారును ఇంటి ముందు నిలిపాను. మరునాడు ఉదయం వాకిలి ఊడుస్తుండగా, ఎడమవైపు ముందు చక్రం పక్కన ఒక సన్నని రేకు కనిపించింది. సుమారు 2 అంగుళాల పొడవు ఉంది, రెండు కొసలూ కొక్కేల్లా వంగి ఉన్నాయి, అయస్కాంతానికి అతుక్కుంటోంది, ఎక్కడా రంధ్రం లేదు. బండి కొని 9 ఏళ్ళయింది. ముందు బ్రేకు ప్యాడ్లు 3 నెలల క్రితం ఒక షెడ్డులో మార్పించాను. ఈ రేకును పోల్చుకోగలవారు దయచేసి చెప్పండి. చక్రం విప్పి నేనే చూసుకోవచ్చునా, అవసరమైతే ప్యాడ్లు కూడా నేనే మార్చుకోవచ్చునా అన్నది నా రెండో ప్రశ్న. బ్రేకు జోలికి పోవద్దని మా నాన్నగారి పట్టు.

రేణిగుంట రోడ్డు సభ్యుడు:

అలిపిరి వాసి గారూ, రంధ్రం లేదని మీరు రాయడం చాలా మేలు చేసింది. ముందు చక్రాల డిస్క్ బ్రేకుల్లో (చక్రంతో పాటు తిరిగే డిస్కును రెండు ప్యాడ్లు ఇరువైపులా నొక్కి ఆపే రకం) ఈ పోలికకు దగ్గరగా ఉండే రేకులు రెండున్నాయి. ఒకటి ప్యాడ్ వెనుక ప్లేటుకు రివెట్‌తో బిగించే హెచ్చరిక రేకు. ప్యాడ్ మీద అరిగే పొర, అంటే లైనింగ్, రెండు మూడు మిల్లీమీటర్లకు అరిగేసరికి అది డిస్కును తాకి కీచుమంటుంది. ఊడి పడినది అదే అయితే రివెట్ రంధ్రమో, కనీసం రివెట్ ఉన్న గుర్తో కనిపించాలి. రెండోది ప్యాడ్ చెవులు, అంటే దాని రెండు కొసలు, కూర్చునే గాడిలో, ప్యాడ్లను పట్టి ఉంచే బ్రాకెట్‌కు పట్టించే స్ప్రింగు క్లిప్పు. మీది ఇదేనని నా అభిప్రాయం. నిర్ధారించుకోవడానికి ఫోటోల కంటే మంచి సాక్ష్యం మీ బండిలోనే ఉంది. కుడి చక్రం కూడా విప్పి రెండింటినీ పోల్చి చూడండి. అక్కడ ఉన్నది ఇక్కడ లేకపోతే సందేహం తీరినట్టే.

ప్యాడ్లు మీరే మార్చుకోవచ్చు. డబ్బు తీసుకుని చేసిన పనిలోనే క్లిప్పు గాడిలో సరిగా కూర్చోలేదని అనుమానించాల్సి వస్తున్నప్పుడు, తన పిల్లలు ఎక్కే బండి మీద తొందర లేకుండా, ప్రతి భాగాన్నీ విప్పిన వరుసలో గుడ్డ మీద పేర్చుకుంటూ పని చేసే యజమానిని ఎందుకు తక్కువగా చూడాలి?

గిరింపేట సభ్యుడు:

చిత్తూరులో 20 ఏళ్ళుగా షెడ్డు నడుపుతున్న అనుభవంతో చెబుతున్నాను. పై సభ్యుడు రేకును పోల్చిన తీరు సరైనదే. బ్రేకు విప్పే సలహాతో మాత్రం నేను ఏకీభవించలేను. ఈ బండి తిరిగేది ఊరి రోడ్ల మీద మాత్రమే కాదు. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డే నేడు తిరుమల నుంచి దిగే దారి. ఆ మలుపుల్లో, చిన్న గేరులో దిగని బండికి బ్రేకు చల్లబడే వ్యవధే ఉండదు. మనం బ్రేక్ ఆయిల్ అని పిలిచేది నిజానికి నూనె కాదు, గాలిలోని తేమను పీల్చుకునే ద్రవం. డాట్ 3 రకానికి కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల సెల్సియస్, తేమ పట్టాక 140 డిగ్రీలు కనీస మరుగు స్థానాలు. అది మరిగితే గొట్టాల్లో బుడగలు ఏర్పడి, పెడల్ నేలకు దిగిపోతుంది గాని బండి ఆగదు.

ఇంట్లో పని చేసినవారి బండ్లు మా దగ్గరికి ఎలా వస్తాయో చెబుతాను. ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగమైన క్యాలిపర్‌ను, బ్రేకు ద్రవం వచ్చే రబ్బరు గొట్టం మీదే వేలాడదీసి ఉంటారు. క్యాలిపర్ అటూ ఇటూ జారడానికి ఉండే రెండు పిన్నుల్లో రబ్బరు బుష్ ఉన్న పిన్నును, లేని పిన్నును తారుమారు చేసి ఉంటారు. ఒకాయన, క్యాలిపర్‌లో ప్యాడ్‌ను నెట్టే పిస్టన్‌ను వెనక్కి నొక్కి, ప్యాడ్లు వేసి, పెడల్‌ను పలుమార్లు తొక్కకుండానే బండిని కదిలించారు. మొదటి తొక్కుడుకు పెడల్ కిందికి పోయి గోడను గుద్దారు. అన్నిటికంటే భయపడవలసింది జాకీ విషయంలో. డిక్కీలో వచ్చే జాకీ స్టెప్నీ మార్చుకోవడానికే. స్టాండు పెట్టకుండా ఆ ఒక్క జాకీని నమ్మి ఎవరూ బండి కిందికి వెళ్ళకూడదు.

రేణిగుంట రోడ్డు సభ్యుడు:

మీరు చెప్పిన జాగ్రత్తలన్నిటినీ శిరసావహిస్తాను. అయితే అవన్నీ నేర్చుకుంటే తప్పించగల పొరపాట్లే. మీరు రాసిన ఈ నాలుగు మాటలు చదివినవాడు ఇక పెడల్ తొక్కకుండా బండి కదిలించడు గదా! పైగా చక్రం విప్పి చూసే అలవాటు లేని యజమానికి బయటి ప్యాడ్ ఒక్కటే కనిపిస్తుంది. పిన్ను బిగుసుకుపోతే ముందుగా అరిగేది లోపలి ప్యాడ్. దాన్ని చక్రం సందుల్లోంచి చూడడం సాధ్యం కాదు.

అలిపిరి వాసి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. సిమెంటు నేల మీద, హ్యాండ్ బ్రేకు వేసి, వెనుక చక్రాలకు రాళ్ళు అడ్డుపెట్టి, అరువు తెచ్చిన స్టాండుతో పాటు విప్పిన చక్రాన్ని కూడా బండి కింద పెట్టి చూశాను. నాన్నగారే టార్చి పట్టుకున్నారు. కుడివైపు బ్రాకెట్‌లో పైనా కిందా క్లిప్పులు ఉన్నాయి, ఎడమవైపు పై క్లిప్పు లేదు. బయటి ప్యాడ్ బాగానే ఉంది గాని లోపలిది 3 నెలలకే సగానికి పైగా అరిగిపోయింది. కింది పిన్ను చేతికి కదలలేదు. అక్కడితో ఆపి, చక్రం బిగించి, నెమ్మదిగా మరొక షెడ్డుకు తీసుకువెళ్ళాను. పక్కనే కూర్చుని అంతా చూశాను: పిన్నులు శుభ్రం చేసి, వాటికి తగిన గ్రీజు పెట్టి, కొత్త క్లిప్పులతో రెండు చక్రాలకూ ప్యాడ్లు మార్చారు. ఆ పిన్నును బయటికి తీయడానికే చాలా సమయం పట్టింది. అది నా వల్ల అయ్యే పని కాదు. మామూలు ప్యాడ్ మార్పిడి చేయగలననే ఇప్పటికీ అనుకుంటున్నాను, నాన్నగారు ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు.

గిరింపేట సభ్యుడు:

విప్పి చూసినందుకు సంతోషం. ఎక్కడ ఆపాలో తెలిసి ఆపినందుకు ఇంకా సంతోషం. బ్రేక్ ఆయిల్ మార్చి ఎంత కాలమైందో మీరు రాయలేదు. 2 ఏళ్ళు దాటి ఉంటే, మళ్ళీ కొండెక్కే ముందే మార్పించండి.