‘ఇగ్రీజియస్’ తిట్టా, పొగడ్తా?

గవర్నరుపేట అనువాదకురాలు:
ఒక ఆడిట్ నివేదికను తెలుగు చేస్తున్నాను. ఒకచోట లోపానికి ముందు ‘ఇగ్రీజియస్’ (egregious) అనే ఇంగ్లీషు విశేషణం తగిలింది. నిఘంటువులో ‘అసాధారణమైన’ అనీ, ‘ఘోరమైన’ అనీ రెండూ ఉన్నాయి. ‘అసాధారణ లోపం’ అని రాస్తే ఎప్పుడో గాని జరగని లోపం అనుకుంటారు కదా? ఈ మాట మీకెక్కడ ఎదురైంది?

కృష్ణలంక ఉద్యోగి:
మా పై అధికారి నోట. అచ్చుతప్పు దొర్లినా ఇదే మాట, లక్షల్లో లెక్క తేడా వచ్చినా ఇదే మాట. దాంతో ఎవరికీ చురుకు తగలడం మానేసింది.

బ్రాడీపేట వకీలు:
మాకు బ్యాంకు గ్యారంటీ కేసుల్లో, అంటే ఖాతాదారు ఇవ్వాల్సింది ఇవ్వకపోతే తానే చెల్లిస్తానని బ్యాంకు అవతలివారికి రాసిచ్చే హామీల కేసుల్లో, పాత పరిచయం. గ్యారంటీ సొమ్ము చెల్లించకుండా బ్యాంకును ఆపమని కోర్టుకు వెళ్లేవారు మోసం జరిగిందంటే చాలదు. అది ‘ఇగ్రీజియస్’ మోసం కావాలి, మూలంలో ఉన్న లావాదేవీనే పూర్తిగా చెడగొట్టేంతటిది కావాలి. యూపీ స్టేట్ షుగర్ కార్పొరేషన్, సుమాక్ ఇంటర్నేషనల్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే వాడింది. కోలుకోలేని నష్టం అనే మినహాయింపు వేరే ఉంది, దాని జోలికి ఇప్పుడు వద్దు. మా గుంటూరులో మిర్చి కొన్నవారు ‘సరుకు నాసిరకం, గ్యారంటీ ఆపించండి’ అంటూ వస్తే, ఆ ఫిర్యాదు ఒక్కటే ఈ గీత దాటదని ముందే చెప్పి పంపాలి. కృష్ణలంక వారి అధికారికీ ఎవరైనా ఈ గీత చూపిస్తే మంచిది.

అరండల్‌పేట మాస్టారు:
లాటిన్‌లో ‘గ్రెక్స్’ అంటే మంద. మందలోంచి విడిగా కనిపించేది ‘ఎగ్రేగియస్’. కాంగ్రిగేషన్, సెగ్రిగేషన్‌లలో ఉన్నదీ ఆ మందే. ఇంగ్లీషులోనూ మొదట గొప్పవారికే వాడేవారు. పదహారో శతాబ్దంలోనే అది వెటకారంలోకి దిగి, తర్వాత తిట్టుగా స్థిరపడింది. ఇటాలియన్లు మాత్రం ఉత్తరాల్లో ఇప్పటికీ గౌరవంగా ‘ఎగ్రేజో’ అని సంబోధిస్తారు. మన ‘ప్రబుద్ధుడు’ పడిన పాట్లు తెలిసినవారికి ఇందులో వింతేమీ లేదు. అన్నట్టు, ఇంగ్లీషువారి నోట అది ‘ఇగ్రీజస్’.

గవర్నరుపేట అనువాదకురాలు:
చాలా సంతోషం మాస్టారూ. మరి తెలుగులో ఏం పెట్టమంటారు? ‘పచ్చి’ అనవచ్చా?

అరండల్‌పేట మాస్టారు:
పచ్చి అబద్ధం, పచ్చి మోసం అంటాం గాని పచ్చి లోపం అనం. ‘క్షమించరాని లోపం’ అనండి.

బ్రాడీపేట వకీలు:
నాకు అభ్యంతరం. క్షమించాలా వద్దా అన్నది చదివేవారి ఇష్టం. తప్పు కంటికి కొట్టొచ్చినట్టు కనిపించాలి, ఎవరూ చూడలేదని బుకాయించే వీలుండకూడదు. ఇంతకీ ఆ లోపం ఏమిటమ్మా?

గవర్నరుపేట అనువాదకురాలు:
బిల్లు పెట్టిన ఉద్యోగే దానికి ఆమోదం కూడా ఇచ్చారట, సంవత్సరమంతా.

బ్రాడీపేట వకీలు:
అయితే ‘కొట్టొచ్చినట్టు కనిపిస్తున్న ఘోర లోపం’ అని రాయండి. పొడవైనా ఫరవాలేదు. సంస్థవారు ‘ఘోర’ తీసేయమంటే మాత్రం ఒప్పుకోకండి, తప్పకుండా అడుగుతారు.