అప్‌డేట్: ఎంబీబీఎస్‌లో ఉండగానే గ్లోబల్ సర్జరీ రీసెర్చ్

థర్డ్ ఇయర్‌లోనే గ్లోబల్ సర్జరీలో (అంటే ప్రపంచంలో అందరికీ సురక్షితమైన ఆపరేషన్లు అందేలా చూసే రంగంలో) ఏమైనా చేయొచ్చా, విదేశాలకు వెళ్లాల్సిందేనా అని అడిగాను కదా. వెళ్లక్కర్లేదు! ఇన్సిజన్ అనే విద్యార్థుల నెట్‌వర్క్ గురించి, చాలా దేశాల ఆసుపత్రులు కలిసి చేసే గ్లోబల్‌సర్గ్ లాంటి స్టడీల గురించి చెప్పినవాళ్లకు థాంక్స్. గ్లోబల్‌సర్గ్ పద్ధతి నాకు బాగా నచ్చింది, ఆసుపత్రిలో చిన్న టీమ్ పెట్టుకుని, నిర్ణయించిన రోజుల్లో ఆపరేషన్ అయిన పేషెంట్ల వివరాలు రాసి, 30 రోజుల వరకు ఫాలో అవ్వాలి, పేపర్‌లో కొలాబరేటర్ల జాబితాలో మన పేరూ ఉంటుంది. ఫస్ట్ ఆథర్ మాత్రం కాదు, ఆ ఆశ పెట్టుకోకండి.

సొంత ప్రాజెక్టుకు ఐసీఎంఆర్ ఎస్‌టీఎస్‌కి (మెడికల్ విద్యార్థుల చిన్న రీసెర్చ్‌కి స్టైపెండ్ ఇచ్చే పథకం) ప్రపోజల్ రాస్తున్నాను, రెండు నెలల పని. గ్లోబల్ సర్జరీ మీద లాన్సెట్ మెడికల్ జర్నల్ వేసిన కమిషన్ 2015లో సిజేరియన్, లాపరోటమీ (పొట్ట తెరిచి చేసే ఆపరేషన్), ఓపెన్ ఫ్రాక్చర్ (చర్మం చీలి ఎముక విరగడం) చికిత్స ఈ మూడూ రెండు గంటల్లో అందాలంది. మా దగ్గర ఎముక బయటికొచ్చినవాళ్లు కూడా ముందు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లి కట్టు కట్టించుకుని, ఆ తర్వాతే 108కి ఫోన్ చేస్తారు (మా గైడ్ సార్‌కి దీని మీద పెద్ద కోపమే ఉంది), కాబట్టి ఆ ఆలస్యాన్నే టాపిక్‌గా తీసుకున్నాను. టెన్షనంతా రీసెర్చ్‌కి అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీ గురించే, మీటింగ్ ఎప్పుడో ఇంకా చెప్పలేదు.