మా ఊళ్ళో బోల్డు కనిపించే సీతాకోకచిలుకని పట్టినా కేసు అవుద్దా?

పర్లాకిమిడి నుంచి: అందరికీ నమస్తే. మా చెల్లి కొడుకు డిగ్రీ జువాలజీ, పురుగుల బాక్స్ తయారుచేస్తానని వల కొన్నాడు, మహేంద్రగిరి వైపు నల్ల రెక్కల మీద తెల్ల పట్టీలు, ఎర్ర చుక్కలు ఉన్నవి తిరుగుతుంటాయి కదా, వాటిని పట్టి పిన్ను గుచ్చాలని వాడి ప్లాను. ఎవరో జైలంటున్నారు. ఇంత దొరికేదానికి కూడా చట్టమా? ఆ చట్టంవల్ల ఏమన్నా ఉపయోగం ఉందా?

గుణుపురం: చట్టం ఉందండి. అది క్రిమ్సన్ రోజ్. 1972 వన్యప్రాణి చట్టంలో చాలా ఏళ్ళు పెద్దపులితోపాటు షెడ్యూల్ 1లో, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న లిస్టులో ఉంది. 2022 సవరణతో లిస్టులు మారాయి, కొత్తది చూశాకే వల ముట్టుకోమనండి. షెడ్యూల్ 1 అయితే మూడేళ్ళకి తక్కువ జైలు పడదు. 2008లో డార్జిలింగ్ దగ్గర సింగలీలా పార్కులో పురుగులు పట్టారని ఇద్దరు చెక్ దేశస్తుల్ని అరెస్ట్ చేశారు, ఒకాయనకి మూడేళ్ళు వేశారు కూడా. ఇంకోటి, ఒళ్ళు ఎర్రగా ఉంటేనే క్రిమ్సన్ రోజ్. ఒళ్ళు నల్లగా ఉంటే కామన్ మార్మన్ ఆడది, పక్షులు విషమనుకుని వదిలేస్తాయని దీనిలాగే ఉంటది, దాని పిల్లలు మన పెరట్లో కరివేపాకు తినేవే.

రాయగడ: చట్టం వలని ఆపుద్ది, అంతే. క్రిమ్సన్ రోజ్ గొంగళిపురుగు ఈశ్వరి తీగ జాతి ఆకులే తింటది, ఆ తీగనేమో మందుకని వేరుతో సహా పీకేస్తారు, పొదలు కొట్టి జీడితోటలు వేస్తారు, సీతాకోకచిలుక పేరు చెప్పి దాన్ని అడిగేవాడే లేడు. ఇంగ్లండులో లార్జ్ బ్లూ అని ఒక సీతాకోకచిలుక ఉండేది. పట్టుకుపోతున్నారని ఒకచోట కంచె వేస్తే పశువులు మేయక గడ్డి పెరిగిపోయింది, వేరేచోట్ల కుందేళ్ళు రోగమొచ్చి పోయినా అదే జరిగింది, నేలకి ఎండ తగలక దాని పిల్లల్ని సాకే ఎర్ర చీమ పోయింది, 1979కి అక్కడ ఒక్కటీ మిగల్లేదు. చీమ సంగతి తెలిశాక మళ్ళీ పశువుల్ని మేపి, స్వీడన్ నుంచి తెచ్చి వదిలితే నిలబడ్డాయి.

గుణుపురం: నిజమే గానీ వలని తేలిగ్గా తీసుకోకండి. హిమాలయాల్లో కైజర్ ఎ హింద్ లాంటి సీతాకోకచిలుకలకి విదేశాల్లో కొనేవాళ్ళున్నారు. కొన్నే మిగిలినచోట నాలుగు పట్టుకుపోయినా దెబ్బే, అక్కడ చట్టం ఉండి తీరాలి.

పర్లాకిమిడి నుంచి: చాలా థ్యాంక్స్ అండి. వాడికి ఇవన్నీ చదివి వినిపించా, ఫోన్‌తో ఫొటోలు తీస్తానన్నాడు. ఈశ్వరి తీగ విత్తనంతో వస్తదా, కొమ్మ నాటితే వస్తదా? వలకి బదులు ఆ తీగని పెరటి కంచె మీద పాకిద్దామని.