ఏమ్స్‌కి కొత్త: ఆ ట్రోఫీ ఫొటో చూసి ఎందుకు నవ్వుతారు?

అందరికీ నమస్కారమండి. గుంటూరు నుంచి అమెరికాలో అయోవా రాష్ట్రానికి, ఏమ్స్ ఊళ్ళో ఉన్న అయోవా స్టేట్ యూనివర్సిటీలో ఎమ్మెస్‌కి వచ్చాను. సెప్టెంబర్‌లో అయోవా సిటీలోని అయోవా యూనివర్సిటీతో అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ అని ల్యాబ్ అంతా ఊగిపోతోంది. నిన్న ఎవరో పాత ట్రోఫీ ఫొటో తీస్తే అందరూ పడీపడీ నవ్వారు. బుట్టలో మొక్కజొన్న, చుట్టూ ఒక రైతు కుటుంబం, అంతే. మాదీ వ్యవసాయమే, అందులో నవ్వడానికేముందో అర్థం కాలేదు. ఏమంటే ఏం తప్పో అని టెన్షన్.

— డెమోయిన్ నుంచి:
తమ్ముడూ, వాళ్ళు నవ్వింది రైతుని చూసి కాదు. అక్కడ నవ్విన వాళ్ళలో పొలాలున్న ఇళ్ళ పిల్లలూ ఉండే ఉంటారు. ఈ మ్యాచ్‌లో గెలిచినవాళ్ళకి 1977 నుంచి ఇస్తున్న సై-హాక్ ట్రోఫీని 2011లో పక్కన పెట్టి, స్పాన్సర్ అయిన మొక్కజొన్న రైతుల సంఘం పేరు మీద ఈ కొత్త బొమ్మని స్టేట్ ఫెయిర్‌లో ఆవిష్కరించారు. అయోవా స్టేట్ మస్కట్ సై పక్షి లేదు, అయోవా మస్కట్ హెర్కీ డేగ లేదు, ఆట ఊసే లేదు. సంక్రాంతి కబడ్డీలో గెలిచిన జట్టుకి ఎరువుల కంపెనీ క్యాలెండర్ చేతిలో పెట్టినట్టుంది. ఒకరి పొడ ఒకరికి గిట్టని రెండు జట్ల అభిమానులూ ఒక్కటై ఏకిపారేశారు. వారం తిరక్కుండా వెనక్కి తీసుకున్నారు. ఆ ఏడాది మ్యాచ్‌కి తాత్కాలికంగా ఇంకోటి పెట్టారు, మూడు ఓవర్‌టైమ్‌లు ఆడి మనవాళ్ళే (అయోవా స్టేట్) 44-41తో గెలిచారు. ఇప్పుడున్నది 2012లో వచ్చింది.

— అయోవా సిటీ నుంచి:
"మనవాళ్ళే" ఏంటన్నా, ఇక్కడ హాకై వాళ్ళం, అంటే అయోవా యూనివర్సిటీ వాళ్ళం కూడా ఉన్నాం! బాబూ, ఈ రాష్ట్రంలో ఎన్ఎఫ్ఎల్ (ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) జట్టు లేదు. ఉన్న పిచ్చంతా ఈ రెండు కాలేజీల మీదే. 1934 తర్వాత 1977 దాకా ఈ రెండూ అసలు ఆడుకోనేలేదు. ఇన్నేళ్ళ పంతం మీద ఎవరో స్పాన్సర్ వచ్చి తన ముద్ర వేస్తానంటే ఒళ్ళు మండదా?

— కనెక్టికట్ నుంచి:
మా దగ్గర ఇంకా ఘోరం తమ్ముడూ. 2015లో యూకాన్ (కనెక్టికట్ యూనివర్సిటీ) ఫుట్‌బాల్ కోచ్ బాబ్ డియాకో, ఫ్లోరిడాలోని యూసీఎఫ్ (సెంట్రల్ ఫ్లోరిడా యూనివర్సిటీ) మాకు ప్రత్యర్థి అని తనే తేల్చేసి, "సివిల్ కాన్‌ఫ్లిక్ట్" అని ట్రోఫీ చేయించాడు. అవతలి వాళ్ళు పట్టించుకోనే లేదు. 2016లో మా గడ్డ మీదే గెలిచి, ట్రోఫీని మైదానం పక్కనే వదిలేసి పోయారు! పంతమంటే ఇద్దరికీ ఉండాలిగా.

— మొదట అడిగినవాణ్ణి:
థాంక్స్ అన్నా, అక్కా. మ్యాచ్ రోజు పసుపు టీషర్ట్ వేసుకోవచ్చా?

— డెమోయిన్ నుంచి:
పసుపు ఇద్దరిదీ. దాంతో నలుపు కలిస్తే హాకై, ముదురెరుపు కలిస్తే సైక్లోన్, అంటే మన అయోవా స్టేట్. ఏమ్స్‌లో ఆ వారం నల్ల చొక్కా జోలికి పోకు. స్టేడియం పేరు జాక్ ట్రైస్‌ది. అయోవా స్టేట్ తొలి నల్లజాతి క్రీడాకారుడు, 1923లో మిన్నెసోటాతో మ్యాచ్‌లో దెబ్బలు తగిలి చనిపోయాడు. ట్రోఫీ మీద ఎన్ని జోకులైనా వెయ్యి, ఆయన పేరు వచ్చినప్పుడు మాత్రం వద్దు. కూరగాయలు, పాలు శుక్రవారమే తెచ్చేసుకో, శనివారం కారు తీస్తే ట్రాఫిక్‌లో ఇరుక్కుంటావు.