అయాన్ల జతా, జంటా?

పాఠాలు రాసేవాడు: కెమిస్ట్రీ పాఠం ఒకటి తెలుగులో రాస్తున్నాను. ద్రావణంలో ధనాయాన్ (ప్లస్ ఆవేశమున్న కణం), రుణాయాన్ (మైనస్ ఆవేశమున్నది) కాసేపు కలిసి తిరిగి మళ్లీ విడిపోతుంటాయి కదా, దాన్నేమనాలి? 'అయాన్ల సంయోగం' అని రాస్తే ఎడిటర్ గారు కొట్టేశారు.

పాతకాపు: కొట్టేయడమే న్యాయం. సంయోగం అంటే హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీరవడం. ఇక్కడున్నది ఎదురు ఆవేశాల లాగుడే. లెక్కల్లో 'సహచర ధర్మం' ఎలాగూ ఉంది, 'సాహచర్యం' అనండి. కలిసిన రెండింటినీ 'అయాన్ జత' అంటే సరి.

తీరవాసి: జత వద్దండీ. చెప్పుల జత, ఎడ్ల జత... ఒకే రకానివి రెండు. ప్లస్సూ మైనస్సూ ఒకే రకమా? 'జంట' అనండి. పైగా 1926లో డెన్మార్క్ శాస్త్రవేత్త నీల్స్ బ్యెరుమ్ లెక్క ప్రకారం రెండూ తాకనక్కర్లేదు, ఒక హద్దు లోపలుంటే చాలు. 25 డిగ్రీల నీళ్లలో ఒక్కో ఆవేశమున్న వాటికి ఆ హద్దు సుమారు 3.6 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యికోట్లవ వంతు), రెండేసి ఉంటే 14 పైనే. అందుకే ఒక్కో ఆవేశమున్న వంటుప్పు నీళ్లలో జంటలు అరుదు, రెండేసి ఉన్న మెగ్నీషియం సల్ఫేట్‌లో బోలెడు. మధ్యలో నీటి అణువు దూరినా అది జంటే. హుస్సేన్‌సాగర్ అడ్డమున్నా హైదరాబాద్, సికింద్రాబాద్ జంట నగరాలు కాలేదా?

పాతకాపు: ఓడిపోయాను :) మరి నీరు దూరనివి?

తీరవాసి: 'హత్తుకున్న జంట'. 'ఆలింగిత యుగ్మం' లాంటివి మాత్రం దయచేసి వద్దు.

పాఠాలు రాసేవాడు: బాగుంది. కానీ పిల్లలు "అయితే ఏంటి సార్" అంటారే!

తీరవాసి: సముద్రం చూపించండి. అందులోని మెగ్నీషియంలో దాదాపు పదో వంతు సల్ఫేట్‌తో జంట కట్టి ఉంటుంది. శబ్దతరంగం వచ్చి నొక్కినప్పుడు కొన్ని జంటలు విడిపోతాయి, ఒత్తిడి తగ్గగానే మళ్లీ కలుస్తాయి. అయితే తరంగంతో సమానంగా అడుగు వేయలేక కాస్త వెనకబడతాయి, ఆ తేడాలో శబ్దశక్తి వేడిగా మారిపోతుంది. 100 కిలోహెర్ట్జ్ దగ్గర పనిచేసే సోనార్ (నీటిలో శబ్దం పంపి వస్తువుల్ని కనిపెట్టే పరికరం) మోత ఎక్కువ దూరం పోకపోవడానికి ముఖ్య కారణం ఇదే. ఈ గుట్టు విప్పినవారిలో ఒకరైన మాన్‌ఫ్రెడ్ ఐగెన్‌కు అతివేగ రసాయన చర్యల మీద పనికి 1967లో నోబెల్ వచ్చింది.

పాఠాలు రాసేవాడు: జంట ఖాయం. ఇక రోధక స్థిరాంకం (ఆవేశాల లాగుడును ద్రావణి ఎంత తగ్గిస్తుందో చెప్పే అంకె) తక్కువున్న ద్రావణుల్లో మూడేసి అయాన్లు కలిసి తిరుగుతాయట. వాటినేమందాం?

పాతకాపు: ముప్పేట?

తీరవాసి: గొలుసు గుర్తొస్తోంది మాస్టారూ.