హిస్టాలజీ క్లాసుకి 4కె ప్రొజెక్టర్ నిజంగా అవసరమా?

పింక్‌స్లైడ్:
మా హిస్టాలజీ (కణజాలాల్ని మైక్రోస్కోప్‌లో చూసే సబ్జెక్టు) డెమో హాల్‌కి కొత్త ప్రొజెక్టర్ కొంటామంటున్నారు. ఇప్పుడున్నది పాత ఎక్స్‌జీఏ, అంటే 1024×768 చుక్కలు (పిక్సెల్స్). మొన్న కిడ్నీ స్లైడ్ పెట్టి పీసీటీకి (కిడ్నీలోని సన్న గొట్టంలో మొదటి మెలికల భాగం) బ్రష్ బోర్డర్ (లోపలి అంచున కుచ్చులాంటి పొర) ఉంటుంది చూడండి, లోపలంతా నూగులా మసగ్గా ఉంటుంది, డీసీటీకి (అదే గొట్టంలో చివరి మెలికల భాగం) అది ఉండదు కాబట్టి లోపల క్లియర్‌గా ఉంటుంది అని చెప్తుంటే వెనక నుంచి ఒకమ్మాయి "మేడమ్, రెండూ గులాబీ రంగు చక్రాలే కదా" అంది, క్లాసంతా ఒకటే నవ్వు. ఆ పిల్ల తప్పేం లేదు, నేనూ వెనక్కెళ్లి చూశా, నాకూ అలాగే ఉంది. 4కె కొనమని రాసిచ్చేద్దామనుకుంటున్నా, మా హెచ్‌ఓడీ గారేమో కర్టెన్లు వేయిస్తే చాలంటారు. ఎవరు రైటు?

చివరిబెంచీ:
మీ హెచ్‌ఓడీ గారే మేడమ్. స్క్రీన్ వెడల్పు ఎంత? చివరి బెంచీ ఎంత దూరం?

పింక్‌స్లైడ్:
స్క్రీన్ 3 మీటర్లుంటుంది. చివరి వరస 12 మీటర్లు అటూఇటూ.

చివరిబెంచీ:
అయితే లెక్క వెయ్యండి. మామూలు కన్ను ఒక డిగ్రీలో 60వ వంతు కోణం దాకా విడదీసి చూడగలదు, 12 మీటర్ల దూరంలో అది సుమారు మూడున్నర మిల్లీమీటర్లు. 3 మీటర్ల స్క్రీన్‌ని మూడున్నరతో భాగిస్తే అడ్డంగా 860 చుక్కలు కూడా రావు, అంటే మీ చివరి వరసకి ఆ పాత ఎక్స్‌జీఏనే ఎక్కువ! 4కెలో అడ్డంగా 3,840 చుక్కలు, ఒక్కో చుక్క 0.8 మిల్లీమీటర్ల లోపే, దాన్ని విడిగా చూడాలంటే స్క్రీన్‌కి 3 మీటర్ల లోపు కూర్చోవాలి, అక్కడ కూర్చునేది మీరూ మీ టేబులూ. ఆ డబ్బుతో నల్ల కర్టెన్లు కొనండి. ప్రొజెక్టర్ నలుపు వెయ్యలేదండీ, ఆ చోట లైటు వెయ్యకుండా ఊరుకుంటుంది అంతే, ట్యూబ్‌లైటు వెలుగుతుంటే స్క్రీన్ మీద ఉన్న ఆ తెలుపే మీకు దొరికే నలుపు.

గాజుపలక:
లెక్క బాగుంది గానీ తమ్ముడూ, పాథాలజీలో ముప్పై ఏళ్ల నుంచి చెప్తున్నా, అలా చుక్కలకి కుదించేస్తే ఎలా? లో పవర్‌లో (తక్కువ పెద్దది చేసి) కార్టెక్స్ అనే బయటి భాగం ఎక్కడ, మెడుల్లా అనే లోపలి భాగం ఎక్కడ అని చూడకుండా డైరెక్ట్‌గా ఒక ట్యూబ్యూల్‌ని (ఆ సన్న గొట్టాన్ని) పెద్దది చేసి చూపిస్తే అది ఫొటో చూసి బట్టీ పట్టడం అవుతుంది. పరీక్షలో మైక్రోస్కోప్ కింద స్లైడ్ పెడితే తెల్లమొహం వేస్తారు. మొత్తం ఫీల్డ్ నీట్‌గా కనపడాల్సిందే, దానికి మంచి మెషిన్ కావాల్సిందే.

చివరిబెంచీ:
సార్, లో పవర్ వద్దనట్లేదు. ముందు అదే పెట్టి, చూపించబోయే చోట ఒక డబ్బా గీసి, తర్వాత స్లైడ్‌లో ఆ డబ్బాలో ఉన్నంత మాత్రమే స్క్రీన్ నిండా పెట్టమంటున్నా. స్లైడ్ స్కానర్ 40ఎక్స్‌లో పిక్సెల్‌కి పావు మైక్రాన్ తీస్తే 15 మిల్లీమీటర్ల టిష్యూ ముక్క అడ్డంగా 60,000 పిక్సెల్స్ వస్తుంది, 4కె కూడా 3,840 దగ్గర ఆగిపోతుంది. ఇమేజ్‌ని ఎలాగూ కొయ్యాల్సిందే కదా సార్.

డాపీబ్లూ:
మీవి తెల్ల బ్యాక్‌గ్రౌండ్ కాబట్టి కాస్త వెలుగున్నా నెట్టుకొస్తారు, మా ఫ్లోరోసెన్స్ ఇమేజ్‌లకైతే (నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద కణాలు మెరుస్తూ కనపడేవి) ఒక్క లైటు వేసినా సగం సెల్స్ గాయబ్. ఇంకోటి, ఎరుపు–ఆకుపచ్చ కలిపి చూపించొద్దు ప్లీజ్, మా ల్యాబ్‌లో ఒకన్నకి ఆ రెండూ తేడా తెలీదు, మూడేళ్లు ఎవరికీ చెప్పకుండా తలూపాడు పాపం. మెజెంటా–ఆకుపచ్చ పెట్టుకోండి. మేడమ్, కొనేముందు పవర్‌పాయింట్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి ఇమేజ్‌లు కంప్రెస్ చెయ్యొద్దు అన్న టిక్ ఉందో లేదో చూడండి, అది లేకపోతే సేవ్ చేసినప్పుడే పిండేస్తుంది, పాపమంతా ప్రొజెక్టర్ మీద పడుద్ది.

గాజుపలక:
టిక్ సంగతి నాకు తెలీదు, ఒప్పుకుంటా. కానీ చీకటి చేస్తే మధ్యాహ్నం రెండింటి క్లాసులో ఏమవుతుందో మీకెవరికీ తెలీదా? గురక వినపడుతుంది. ప్రొజెక్టర్ ఎందుకు, 75 అంగుళాల టీవీ పెట్టండి, లైట్లేసుకుని చెప్పుకోవచ్చు.

చివరిబెంచీ:
ఇరవై మంది పీజీలకైతే టీవీ సూపర్ సార్. 12 మీటర్ల హాల్‌కి మాత్రం కాదు, దాని వెడల్పు 1.66 మీటర్లే, చివరి వరసకి 475 చుక్కలు మిగుల్తాయి.

పింక్‌స్లైడ్:
నిన్న ట్రై చేశా. కర్టెన్లు లేవు కదా, పాత చార్టులు కిటికీలకి అంటించాం, ప్రొజెక్టర్‌లో బ్రైట్ మోడ్ తీసేశాం (తీశాక వెలుగు తగ్గింది గానీ పింక్‌లో తేడాలు తెలిశాయి), డబ్బా గీసి కోసి పెట్టా. ఆ టిక్ లేదు! పాత ఫైల్ అప్పటికే పిండేసింది కాబట్టి ఫొటోలు మళ్లీ ఎక్కించా. అదే అమ్మాయిని చివరి బెంచీలో కూర్చోబెట్టి అడిగితే "నూగు ఉన్నది పీసీటీ" అంది. ఇప్పుడు ఇంకో గోల, మా హాల్లో స్క్రీన్ పైన లైట్లకీ వెనక లైట్లకీ ఒకటే స్విచ్, ఆపితే నోట్స్ రాసుకోలేమంటున్నారు. ఎలక్ట్రీషియన్‌ని అడిగితే గోడ పగలగొట్టాలంటున్నాడు. ఎవరైనా చేయించారా?

డాపీబ్లూ:
మేం స్క్రీన్ పైన రెండు ట్యూబులూ పీకి బీరువాలో పెట్టేశాం మేడమ్ 😀